కోళ్ల మేతలో మందు - మన పళ్లెంలో ముప్పు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు పల్లెలలో కోళ్ల పెంపకం అనేక కుటుంబాలకు జీవనాధారము. ఇక్కడ పెరిగిన కోడి రాష్ట్ర సరిహద్దు దాటి బెంగుళూరు అంగళ్లకు చేరుతుంది. దాని ఒంటిలోని సూక్ష్మజీవిని ఆపగల చెక్‌పోస్టు ఏదీ లేదు.

పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ 2024 అక్టోబరులోను, తమిళనాడు 2025 ఏప్రిల్‌లోను ఒక్కొక్క ఏడాదిపాటు నిషేధించాయి. సాల్మొనెల్లా వంటి క్రిముల భయమే అందుకు కారణము. కలుషితాహారం వల్ల వచ్చే రోగం కొత్తది కాదు. ఆ క్రిమి మందుకు లొంగకపోవడమే అసలైన ఆపద.

ఇది ఎట్లా జరుగుతుంది? కోడి త్వరగా బరువెక్కాలని, జబ్బు పడకూడదని మేతలో యాంటీబయాటిక్ కలిపితే బలహీనమైన క్రిములు చస్తాయి, మందును తట్టుకొన్నవి మిగిలి వృద్ధి చెందుతాయి. అంతటితో ఆగక, ఆ శక్తిని పక్క క్రిములకు కూడా అందిస్తాయి. కడపటి అస్త్రంగా వైద్యులు దాచుకొన్న కొలిస్టిన్‌ను సైతం ఎదిరించే ఇటువంటి జన్యువు 2015లో చైనాలో బయటపడింది. ఆహారజంతువులకు కొలిస్టిన్ వాడరాదని భారత ప్రభుత్వం 2019 జులైలో ఉత్తర్వు చేసింది.

పూర్వానుభవాలు హెచ్చరిస్తూనే ఉన్నాయి. 1972లో కేరళలోని కోళిక్కోడులో క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ ప్రబలింది. 2013-14లో అమెరికాలో కోడిమాంసం ద్వారా మొండి సాల్మొనెల్లా సోకి 634 మంది జబ్బుపడ్డారు. 2016 చివర సింధు రాష్ట్రపు హైదరాబాదులో మొదలైన టైఫాయిడ్‌కు నోటితో మింగే మందులలో అజిత్రోమైసిన్ ఒక్కటే పనిచేసింది.

ఉత్తర్వు కాగితం మీద ఉంటే చాలదు. మేత బస్తాలో ఏమి కలిసిందో రైతుకు తెలియాలి, మందుల అంగడిలో తనిఖీ జరగాలి. మూడు రాష్ట్రాల అధికారులు కలిసి పనిచేయనిదే సరిహద్దు పల్లెకు రక్షణ లేదు.

ఇంటివారి చేతిలోను కొంత ఉన్నది. మందుకు లొంగని క్రిమి అయినా నిప్పుకు లొంగుతుంది. మాంసము, గుడ్డు బాగా ఉడికించాలి. పచ్చి మాంసం కోసిన కత్తిని, పలకను సబ్బుతో కడగనిదే కూరగాయలు తరగరాదు. బిడ్డకు విరేచనాలైతే ముందుగా ఓఆర్ఎస్ నీరు పట్టాలి. రక్తం పడినా, జ్వరం వచ్చినా, బిడ్డ నీరసించినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. చీటీ లేకుండా అంగడిలో కొన్న రెండు మాత్రలు నేటి నొప్పిని తగ్గించినట్లే కనిపించవచ్చు. రేపు ప్రాణం నిలపవలసిన మందును అవే మొద్దుబారుస్తాయి.