హన్సాన్ అవ్వలు నేసే నార బట్ట

మన సోలాపూర్ పూర్వభాగంలో మగ్గం చప్పుడు వినకుండా పెరిగినవాళ్లు తక్కువ. అందుకే మా చిన్నోడి దగ్గరికి సియోల్ పోయినప్పుడు, రాజభవనాల కంటే ముందు నేను అడిగింది ఒక్కటే: “ఈ దేశంలో నేతోళ్లు ఎక్కడుంటరు?”

రైల్లో సుమారు మూడు గంటలు దక్షిణంగా పోతే సోచోన్ వస్తది. ఒక పక్క పడమటి సముద్రం, ఒక పక్క గుమ్ నది, ఒడ్డున మనిషెత్తు రెల్లు. వలస పక్షులు దిగే అక్కడి బురద తీరాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వంలో చేర్చింది. ఆ పక్కనే హన్సాన్.

అక్కడ నేసే బట్ట పేరు మోసి. అది పత్తి కాదు, పట్టు కాదు, రామీ మొక్క నార. ఏడాదికి మూడు కోతలు. ఆకులనూ పారెయ్యరు, బియ్యప్పిండిలో కలిపి ఆవిరి మీద ఉడికించి తింటరు. కాడ పైతోలు గీకి, నారను తడిపి ఆరబెట్టి, పంటితో సన్నగా చీలుస్తరు. కొసలను మోకాలి మీద అరచేత్తో నులిమి అతుకుతరు. పడుగుకు మనం గంజి పెట్టినట్టే వాళ్లు సోయా పిండి పూస్తరు. గాలి పొడిగా ఉంటే పోగు తెగుతది, అందుకే సగం నేలలోకి దించిన గదిలో మగ్గం. మన గుంట మగ్గం యాదికొచ్చింది. నేత సన్నదనాన్ని ‘సే’లలో లెక్కిస్తరు. ఒక సే అంటే 80 పడుగు పోగులు. మన తాతలు పుంజాలు లెక్కపెట్టలేదా, అట్లనే.

ప్రదర్శనశాలలో నార చీల్చే ఒక అవ్వ పక్కన కూర్చున్న. ఆమె ముందు పళ్లకు గాడి పడ్డది. బీడీలు చుట్టి చుట్టి అరిగిన మన ఆడోళ్ల వేళ్లు కండ్ల ముందు కదిలినయ్. “మీ ఇంట్ల ఎవరు నేస్తరు?” అని అడిగింది. “మా నాయన నేసిండు, నేను మిల్లుల చేసిన, వీడిది కంప్యూటర్ పని” అన్న. మా వాడు ఆమె భాషలో చెప్పిండు. అవ్వ నవ్వి, తన బిడ్డ కూడా సియోల్‌లోనే నౌకరీ అంది.

ఈ నేతకు 2011లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కాని పేరుతో పొయ్యి వెలగదు. కొరియా ప్రభుత్వం 1967లోనే దీన్ని జాతీయ సంపదగా ప్రకటించింది. అట్లాంటి విద్యల గురువులకు నెలనెలా భృతి ఇస్తది, శిష్యులకు నేర్పే బాధ్యత కూడా పెడ్తది. మన సోలాపూర్ చద్దరుకూ భౌగోళిక గుర్తింపు ఉన్నది. మరి దాన్ని నేసే చేతికి ఏమున్నది? మన సంఘాలు అడగాల్సింది ఇదే.

అడిగేలోపు మన చేతుల్లో ఉన్న పని ఒకటుంది. ఇంట్లో పడుగు పట్టడం, అచ్చు అతకడం తెలిసిన పెద్దలుంటే, ఈ ఆదివారం పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టండి.