ఎర్రర్‌ను చదవడమూ చదువే

రూబీ నేర్చుకుంటున్న విద్యార్థికి మాడ్యూల్‌ రాస్తుండగా సింటాక్స్‌ ఎర్రర్‌ వచ్చిందనుకోండి. ఇప్పుడు చాలామంది చేసే పని ఒక్కటే... కోడంతా కాపీ చేసి ఏఐ టూల్‌కి ఇచ్చేయడం. ప్రోగ్రామ్‌ నడుస్తుంది. తప్పేంటో మాత్రం తెలీదు. రేపు ఇంటర్వ్యూలో ‘ఇదెందుకు రన్‌ కావట్లేదో చెప్పండి’ అని అడిగితే ఆ సాయం పక్కన ఉండదు.

నిజానికి ఈ దశలో తరచూ వచ్చే తప్పులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మాడ్యూల్‌ పేరు క్యాపిటల్‌ లెటర్‌తోనే మొదలవ్వాలి. లేకపోతే పేరు కాన్‌స్టంట్‌గా ఉండాలని రూబీ సూటిగానే చెబుతుంది. పైథాన్‌ నుంచి వచ్చినవారు అలవాటుగా డెఫ్‌ లైను చివర కోలన్‌ పెడతారు. ఇక్కడది అక్కర్లేదు.

అసలు చిక్కు ‘ఎండ్‌’తోనే. పైథాన్‌లో లైన్ల ముందు వదిలే ఖాళీయే బ్లాక్‌ ఎక్కడ ముగిసిందో చెబుతుంది. రూబీలో ఆ పని ఎండ్‌ది. మధ్యలో ఒక డెఫ్‌కు ఎండ్‌ మరిచిపోతే, కింద మాడ్యూల్‌ కోసం రాసిన ఎండ్‌ను రూబీ ఆ డెఫ్‌ ఖాతాలో వేసేస్తుంది. ఇక మాడ్యూల్‌కు ఎండ్‌ మిగలదు. ఆ లోటు ఫైలు చివరికొచ్చాక గానీ బయటపడదు. అందుకే మెసేజ్‌ చివరి లైను నంబరు చూపించొచ్చు. అక్కడెంత వెతికినా తప్పు కనిపించదు. ఆ నంబరు రూబీ ఆగిపోయిన చోటు మాత్రమే. తప్పు దానికి పైన ఎక్కడైనా ఉండొచ్చు. కాబట్టి కింది నుంచి పైకి చదువుతూ వెళ్లాలి.

సాయం రూబీలోనే ఉంది. టెర్మినల్‌లో ‘రూబీ హైఫన్‌ సి’ అని రాసి ఫైలు పేరిస్తే, ప్రోగ్రామ్‌ను నడపకుండానే సింటాక్స్‌ సరిచూస్తుంది. సి బదులు డబ్ల్యూ అంటే, వరస తప్పిన ఎండ్‌ల గురించి కూడా హెచ్చరిస్తుంది. 2022 డిసెంబరులో వచ్చిన రూబీ 3.2 నుంచి, ఎండ్‌ ఎక్కడ తప్పిపోయి ఉండొచ్చో చూపే ‘సింటాక్స్‌ సజెస్ట్‌’ కూడా భాషతోపాటే వస్తోంది.

ఇంకో మాట. ‘సింటాక్స్‌ ఓకే’ అన్నాక ‘నో మెథడ్‌ ఎర్రర్‌’ వస్తే ఎండ్‌లు లెక్కపెట్టడం దండగ. మాడ్యూల్‌ పేరుతో నేరుగా పిలిచే మెథడ్‌కు డెఫ్‌ తర్వాత ‘సెల్ఫ్‌ డాట్‌’ రాశారో లేదో చూడండి. అది రాత తప్పు కాదు, అవగాహన లోపం. రెండింటికీ తేడా తెలిస్తే సగం సమయం మిగులుతుంది.

అధ్యాపకులూ ఆలోచించాలి. సరిగ్గా నడిచే ప్రోగ్రామ్‌లను ల్యాబ్‌ రికార్డులోకి ఎక్కించడమే చదువైతే, పాడైన కోడ్‌ను చూసి కారణం చెప్పడం ఎప్పుడొస్తుంది? వారానికొక తప్పుల ప్రోగ్రామ్‌ ఇచ్చి ‘ఎక్కడ, ఎందుకు’ అని అడగండి. విద్యార్థులూ ఏఐని అడిగే ముందు మెసేజ్‌ పూర్తిగా చదివి, మీ అంచనా కాగితంపై రాసుకోండి. ఆ తర్వాత దాని జవాబుతో పోల్చి చూడండి. ఉద్యోగంలో రోజూ చేయాల్సిన పని అదే.