ఖబ్రస్తాన్ కంచెకు నల్లేరు ఉండనివ్వండి

షబే బరాత్ దగ్గర పడుతుందంటే మా మడికొండ నౌజవాన్లు కొడవళ్ళు, గొడ్డళ్ళు పట్టుకుని ఖబ్రస్తాన్ సాఫ్ చేయడానికి బయల్దేరతారు. సవాబ్ పని, ఎవరూ కాదనరు. ఏడాదంతా పెరిగిన సర్కారు తుమ్మ కొట్టేస్తేనే పెద్దల ఖబర్లు కనపడతాయి, రాత్రి ఫాతెహాకు వచ్చినవాళ్ళ కాళ్ళకు ముళ్ళు దిగవు. నా గొడవల్లా ఒక్కటే. తుమ్మతో పాటు కంచె మీది నల్లేరును కూడా పీకి, కుప్పేసి నిప్పు పెడుతున్నారు. మొన్న ఒక పిల్లగాణ్ణి అడిగితే, "జంగ్లీ బేల్ హై చాచా, కాయ్‌కు రఖ్‌నా?" అన్నాడు. సవాల్ బాగానే ఉంది. జవాబు ఇవ్వాలి కదా.

జంగ్లీ అని తీసిపారేస్తున్నాం గానీ దాని ఖాన్‌దాన్ చిన్నది కాదు. నల్లేరుది ద్రాక్ష కుటుంబం. కాడను చేత్తో పట్టుకుని చూడండి, నాలుగు పలకలుగా ఉంటుంది. కణుపు కణుపుకూ ఒక పక్క ఆకు, ఎదురుపక్క అంగూర్ తీగకు ఉన్నట్టే మెలిక తిరిగిన నులితీగ. కాయలు పండితే ఎర్రటి పూసల్లాగా ఉంటాయి. ఆకులు తొందరగా రాలిపోతాయి, పచ్చదనమంతా కాడదే. 1767లో లిన్నేయస్ దీనికి పెట్టిన సిస్సస్ క్వాడ్రాంగ్యులారిస్ అనే పేరులో కూడా ఆ నాలుగు పలకలే ఉన్నాయి. మన దగ్గరే కాదు, అరబ్ గడ్డ మీద, ఆఫ్రికాలో కూడా దానంతట అదే పెరుగుతుంది.

ఇదే ఖాన్‌దాన్‌లో ఒకరికి మనం తాజ్ పెట్టాం. 1890 ప్రాంతంలో హైదరాబాద్‌లో అబ్దుల్ బాఖర్ ఖాన్ సాబ్ పెంచిన ద్రాక్ష అనాబ్-ఎ-షాహి అయ్యింది, దక్షిణాదిలో పందిళ్ళకు పందిళ్ళు పాకింది. ఇంకో చుట్టం బోస్టన్ ఐవీ. చికాగోలో రిగ్లీ ఫీల్డ్ స్టేడియం గోడకు 1937లో నాటారు, ఇప్పటికీ జనం దానితో ఫొటోలు దిగుతారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపే ఫొటోల్లో ఎర్రగా మెరిసే గోడలు చాలావరకు ఈ చుట్టాలవే. ఆ ఎరుపు చలిదేశాల ఎరుపు, మన ఎండల్లో దాన్ని ఆశించొద్దు.

అది ఇక్కడ రాదని తెలిసి ఏం చేస్తున్నాం? ప్లాస్టిక్‌ది తెచ్చి వేలాడదీస్తున్నాం. హైదరాబాద్ రోడ్డు పక్క కొత్తగా లేచిన ఇళ్ళు చూడండి, గేటు మీద నఖ్లీ ఆకులు. రెండు ఎండాకాలాలకు తెల్లబోయి, పొడిపొడిగా రాలి మోరీలో పడతాయి. నల్లేరైతే ఎండాకాలంలో కూడా పచ్చగా నిలుస్తుంది. దాని కాడ పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుచుకుని గాలి తీసుకుంటుంది, అందుకే నీళ్ళు పోయవు. ఖబ్రస్తాన్‌కు రోజూ బిందె మోసేదెవరు? నీళ్ళు అడగని పచ్చదనం మనకు ఇంకేముంది చెప్పండి.

మా విలేకరులు ప్రతి ఎలక్షన్‌కూ ఫలానా సాబ్ గెలుపు 'నల్లేరు మీద బండి నడక' అని రాస్తారు. నేనూ రాశాను. డిగ్రీలో మా తెలుగు సార్ ఈ జాతీయం చెప్పినప్పుడు క్లాసులో సగం మందికి నల్లేరు అంటే ఏమిటో తెలియదు. మెత్తని కాడ చక్రం కింద నలిగిపోతుంది, బండికి కుదుపు ఉండదు. ఆ మాట బండి తోలేవాడిది. నలిగిన కాడ సంగతి మా అమ్మీకి తెలుసు, తెగిన ముక్క ఎక్కడ పడితే అక్కడ వేరు పోసుకుంటుందని. ఆమె లేత కొసలే తెంపేది. చేతులకు నూనె రాసుకుని, అంచుల నార తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండు పెట్టి నూరితే పచ్చడి. సరిగ్గా వేగకపోతే గొంతు దురద, నూనె రాసుకోకపోతే చేతులు దురద. పిల్లలకు ఈ మాట ముందే చెప్పాలి.

ఇంట్లో మేం దీన్ని హడ్‌జోడ్ అనేవాళ్ళం, ఎముకను అతికించేదని. ఉత్త మాట కాదు. 1960ల్లో బనారస్ హిందూ యూనివర్సిటీలో ఉడుప, ప్రసాద్ అనే పరిశోధకులు జంతువుల మీద పరీక్షించి, విరిగిన ఎముక అతకడానికి ఇది సాయం చేస్తుందని రాశారు. అట్లాగని చెయ్యి విరిగిన పిల్లవాడికి హడ్‌జోడ్ నూరి కట్టి, ఎక్స్‌రే తీయించకుండా ఇంట్లో కూర్చోబెడితే అది జుల్మ్. ఎముక వంకరగా అతికితే జిందగీ అంతా ఆ వంకర ఉంటుంది. ముందు దవాఖాన. పచ్చడి మంచాన పడి ఉన్నప్పుడు తినొచ్చు.

కమిటీ పెద్దలు చెప్పేది కూడా విన్నాను. కంచె ఉంటే కబ్జా ఆగదు, గోడ కావాలంటున్నారు. నిజమే, నేనూ చందా ఇస్తాను. మడికొండలో గజం రేటు తెలిసినవాళ్ళెవరూ గోడ వద్దనరు. కానీ గోడ కట్టడానికి నల్లేరును కాల్చాల్సిన పని లేదు. పాములు చేరతాయనేవాళ్ళు కూడా ఉన్నారు. పాముకు కావాల్సింది కింద పడి ఉండే చెత్త, ఇటుకల కుప్పలు. అవి తీసేయండి, తీగను పైకి ఎక్కించండి.

పని పెద్దది కాదు. ఈసారి సాఫ్ చేసేటప్పుడు రెండు మూడు కణుపులున్న కాడలు నరికి పక్కన పెట్టండి. నీడలో రెండ్రోజులు ఉంచితే కోసిన చోట ఆరుతుంది. గోడ వెంట ఒక కణుపు మట్టిలో ఉండేట్టు గుచ్చి, పైన జాలీయో తీగో కట్టండి, ఉత్త సిమెంటును అది గట్టిగా పట్టుకోలేదు. మొదట్లో వారానికోసారి చెంబెడు నీళ్ళు చాలు. వానాకాలం మొదలయ్యాక నాటితే అదీ అక్కర్లేదు.