పొడుగు పిల్లవాడు - ఓపిక గల పెద్దలు



గడచిన వేసవిలో ఒక సాయంకాలము మా సంఘములోని ఒక రైతు తన పెద్ద కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చారు. తండ్రి మామూలుగానే గుమ్మము దాటారు. కుమారుడు మాత్రము తల వంచి రావలసి వచ్చింది. పదిహేనేండ్లకే ఆరడుగుల నాలుగు అంగుళాల పొడవు. ఒక్క ఏడాదిలోనే నాలుగు అంగుళాలు పెరిగాడట. బాస్కెట్‌బాల్ ఆటలో సెంటర్ స్థానములో ఆడుతున్నాడు.

"అయ్యగారూ, వీడికి మోకాలి కింద నొప్పి. మెట్లు దిగేటప్పుడు కుంటుతున్నాడు. డ్రిల్లు మాస్టారేమో స్కూలు జట్టులోను, జిల్లా జట్టులోను, టౌనులోని క్లబ్బు జట్టులోను ఆడాలంటున్నారు. ఇప్పుడు ఆగితే సెలక్షను పోతుందట, స్పోర్ట్స్ హాస్టలు సీటు పోతుందట. రేపు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగము వస్తుందని మా ఆశ. ఆడించమంటారా, ఆపమంటారా?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. కారణము ఉంది. అంతకు ముందు క్రిస్మస్ సెలవులలో మిషను కాంపౌండులోని సిమెంటు కోర్టు మీద యౌవనస్థుల పోటీలు జరిపినప్పుడు, ఇదే పిల్లవానిని ఒకే రోజున మూడు ఆటలు ఆడించినది మేమే. మూడవ ఆటలో వాడు మోకాలు పట్టుకొని కూర్చుంటే, "లేవరా, ఇంకా పది నిమిషాలే" అని కేక వేసినది కూడా మేమే. ఆనాడు గెలిచిన కప్పు ఇంకా మా గదిలో బీరువా మీదనే ఉంది. అందుచేత ఈ మాటలు పరులకు బోధించుటకు కాదు, మేము నేర్చుకొన్నది మీతో పంచుకొనుటకే వ్రాస్తున్నాము.

ముందుగా ఈ ఆట ఎలా పుట్టిందో చూడండి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో, జేమ్స్ నైస్మిత్ అనే కెనడా దేశపు ఉపాధ్యాయుడు దీనిని రూపొందించాడు. ఆయన మాంట్రియల్‌లో వేదాంత విద్య చదివి 1890లో డిప్లొమా పొందినవాడు. చలికాలములో యువకులు గది లోపల, ఒకరినొకరు గుద్దుకొని దెబ్బలు తగిలించుకోకుండా ఆడే ఆట కావలసి వచ్చింది. బంతి పట్టుకొని పరుగెత్తితేనే గదా ఎదుటివాడు మీద పడేది అని ఆలోచించి, బంతితో పరుగెత్తకూడదని నియమము పెట్టాడు. రెండు పీచ్ పండ్ల బుట్టలను పది అడుగుల ఎత్తున కట్టించాడు. అంత ఎత్తులో ఉన్న బుట్టలోనికి బలముగా విసిరితే పడదు, మెల్లగా గురి చూసి వేయాలి. తరువాత 1898లో ఆయన వైద్య పట్టా కూడా పొందాడు. మన ప్రాంతానికి వ్యాయామ ఉపాధ్యాయులను ఎందరినో తయారు చేసిన మద్రాసు వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల 1920లో మొదలైంది. చూచారా! పిల్లల దేహాలకు దెబ్బ తగలకూడదనే తలంపుతో పుట్టిన ఆట ఇది.

అయితే బుట్టను ఎత్తున కట్టిన నాటినుండి పొడుగువానికి విలువ పెరిగింది. సెంటర్ అంటే బుట్ట దగ్గర నిలబడేవాడు. పడకుండా తిరిగి వచ్చిన బంతిని ఎగిరి అందుకోవాలి, ఎదుటివారు వేసే బంతిని ఎగిరి అడ్డుకోవాలి, మీదికి తోసుకొచ్చేవారిని కాచుకోవాలి. ఒక్క ఆటలో ఎన్నిసార్లు ఎగురుతాడో అన్నిసార్లూ ఆ దేహపు బరువంతా, దానికి కొన్ని రెట్లుగా, పాదాల మీద మోకాళ్ల మీద పడుతుంది.

పిల్లవాడు వేగముగా పెరిగే కాలములో ఎముకల చివర్ల దగ్గర మెత్తని భాగము ఉంటుంది. పెరుగుదల జరిగేది అక్కడే. ఎముక ముందు సాగుతుంది, కండరాలు నరాలు వెనుక వస్తాయి. ఆ బిగువుకు మోకాలి కింద బుడిపె దగ్గర, మడమ దగ్గర నొప్పి పుడుతుంది. ఇంకొకటి ఉంది. ఒకే చోట మళ్లీ మళ్లీ భారము పడితే, ఏ దెబ్బా తగలకుండానే ఎముకలో సన్నని చీలిక వస్తుంది. తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే చివరకు తెగుతుంది గదా, అలాగే. పాదము నడుమ ఉన్న ఒక చిన్న ఎముకకు రక్తము తక్కువగా అందుతుంది. అది చీలితే త్వరగా అతకదు. పొడుగు ఆటగాళ్లను ఎందరినో కూలదోసినది ఆ చిన్న ఎముకే. మన రైతులకు ఇది కొత్త సంగతి కాదు. కోడె ఎంత ఏపుగా ఉన్నా పళ్లు వేయకముందే దాని మెడ మీద కాడి పెట్టము.

చైనా దేశస్థుడైన యావ్ మింగ్ సంగతి చాలామంది వినియుంటారు. ఏడడుగుల ఆరు అంగుళాల మనిషి. 2002లో అమెరికాలోని హ్యూస్టన్ జట్టు ఆయనను అందరికంటె ముందుగా ఎన్నుకొన్నది. అక్కడ ఒక సీజనులో 82 ఆటలు. మొదటి మూడు సీజన్లలో ఆయన వరుసగా 82, 82, 80 ఆటలు ఆడాడు. వేసవి వస్తే తోటి ఆటగాళ్లు విశ్రాంతి తీసుకొనేవారు, ఈయన స్వదేశపు జట్టు తరఫున ఆడేవాడు. నాలుగవ సీజనునుండి కాలివేలు, పాదము, కాలు, మళ్లీ పాదము అంటూ ఒకదాని తరువాత ఒకటి. 2008 ఆరంభములో ఎడమ పాదములో చీలిక వచ్చి ఆపరేషను జరిగింది. అదే ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆడాడు. 2009-10 సీజనంతా ఆడలేదు. మరుసటి సీజనులో ఆటకు 24 నిమిషాలే అని హద్దు పెట్టారు గాని, అప్పటికే ఆలస్యమైంది. అయిదు ఆటలతో ఆగిపోయింది. 2011 జూలైలో, ముప్పది యేండ్లకే, ఆట విరమించాడు. జట్టుకు కావాలి, దేశానికి కావాలి. ఇద్దరూ ప్రేమించినవారే. ఆ రెండు ప్రేమల నడుమ పాదానికి విశ్రాంతి దొరకలేదు.

బిల్ వాల్టన్ మరొకరు. 1977లో పోర్ట్‌లండ్ జట్టును విజేతగా నిలిపిన సెంటర్. 1978లో పాదము నొప్పిగా ఉండగా, నొప్పి తెలియకుండా సూది వేయించుకొని ముఖ్యమైన ఆటలో దిగాడు. తరువాత చూస్తే పాదములో ఎముక విరిగి ఉంది. మరుసటి సీజనంతా పోయింది. ఆ తరువాత కూడా పాదాల బాధతో ఎన్నో సీజన్లు పోగొట్టుకొన్నాడు. నొప్పి అంటే దేహము మనతో చెప్పే మాట. దాని నోరు మూయిస్తే బాధ పోదు, మనకు వినబడదు, అంతే.

ఇవన్నీ విని నిరాశపడవద్దు. లిథువేనియా దేశస్థుడు జిడ్రూనస్ ఇల్గాస్కస్‌ను చూడండి. ఏడడుగుల మూడు అంగుళాలు. 1996లో క్లీవ్‌లండ్ జట్టులో చేరాడు. పాదాలు పదే పదే విరిగి మొదటి అయిదు సీజన్లలో కలిపి 111 ఆటలే ఆడగలిగాడు. అందరూ ఇక అయిపోయిందనుకొన్నారు. 2001లో వైద్యులు విరిగిన ఎముకను అతికించుటతో ఊరుకోలేదు, బరువు సరిగా పడునట్లు పాదపు ఆకారాన్నే సరిచేశారు. మళ్లీ వచ్చినప్పుడు మొదట కొద్ది నిమిషాలే ఆడించారు. ఆ తరువాత వరుసగా ఆరు సీజన్లు 70కి పైగా ఆటలు ఆడాడు. 2014లో క్లీవ్‌లండ్ జట్టు ఆయన 11వ నంబరు చొక్కాను ఆయన గౌరవార్థము ఇక ఎవ్వరికీ ఇవ్వకుండా ఉంచింది. నొప్పికి కారణము వెదకి, తొందరపడక ఆడించినందువలన ఆ మనిషి నిలబడ్డాడు.

అయితే మన యింటిలో, మన బడిలో ఏమి చేయాలి? వైద్యులవలన, అనుభవజ్ఞులవలన మేము గ్రహించినవి ఇవి.

మొదటిది, ఎత్తు కొలవండి. మూడు నెలలకొకసారి గోడ మీదనో ద్వారబంధము మీదనో గుర్తు పెట్టి తేదీ వ్రాయండి. గుర్తుల మధ్య దూరము ఒక్కసారిగా పెరిగిందంటే, అది గెంతులు తగ్గించవలసిన కాలము.

రెండవది, లెక్క వ్రాయండి. స్కూలు కోచ్‌కు స్కూలు ఆటలే తెలుసు, క్లబ్బు కోచ్‌కు క్లబ్బు ఆటలే తెలుసు. అన్నీ కలిపి మోసేది ఒక్క జత కాళ్లే. ఏ రోజు ఎంతసేపు ఆడాడో ఒకే నోటు పుస్తకములో వ్రాసి అందరు కోచ్‌లకూ చూపండి. వారానికి కనీసము ఒక రోజు పూర్తి విశ్రాంతి ఉండాలి. పదునాలుగేండ్లు నిండకముందే ఒకే ఆటకు పిల్లవానిని అంకితము చేయవద్దని 2016లో అమెరికా బాస్కెట్‌బాల్ పెద్దలే సలహా ఇచ్చారు. కామెరూన్ దేశస్థుడు జోయెల్ ఎంబీడ్ పాదపు ఎముక చీలి రెండు సీజన్లు పూర్తిగా కూర్చున్నాడు. 2016లో దిగినప్పుడు నిమిషాలు లెక్కపెట్టి ఆడించారు. ఆయనే 2023లో ఆ లీగు మొత్తములో ఉత్తమ ఆటగాడయ్యాడు. తరువాతి కాలములో మోకాలు ఆయనను మళ్లీ బాధించింది. కనుక ఒక్కసారి జాగ్రత్తపడితే చాలదు, ప్రతి సంవత్సరము జాగ్రత్త కావాలి.

మూడవది, నొప్పిని చులకన చేయకండి. వేలితో నొక్కితే ఒకే చోట నొప్పి, కుంటు, వాపు, రాత్రి నిద్రలో నొప్పి - వీటిలో ఏది ఉన్నా ఆట ఆపి ఎముకల వైద్యుని దగ్గరకు తీసుకొనిపోండి. సన్నని చీలిక మొదటి వారాలలో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. "ఎక్స్‌రే బాగానే ఉంది" అని నొప్పి ఉండగానే మళ్లీ ఆడించవద్దు. మోకాలి పట్టీతో, నొప్పి బిళ్లలతో ఆట గడపడము అసలే వద్దు.

నాలుగవది, పొడుగువాడని బుట్ట కింద నిలబెట్టి గెంతించుటతో సరిపెట్టకండి. బంతి అందించుట, రెండు చేతులతో గురి చూచుట, అడుగులు మార్చుట, మోకాళ్లు వంచి రెండు పాదాల మీద మెత్తగా దిగుట నేర్పండి. ఇవి నలభై యేండ్లకు కూడా పనికి వచ్చేవి. బూట్లు బిగుతైతే మార్చండి. పెరిగే పిల్లవానికి ఎనిమిది గంటలకు తగ్గని నిద్ర, పాలు, గ్రుడ్లు, రాగి సంకటి, పప్పు కావాలి.

అయిదవది, చాలామందికి తెలియనిది. అసాధారణమైన పొడుగుతోపాటు చేతులు, వ్రేళ్లు మరీ పొడుగుగా ఉండి, రొమ్ము ఎముక లోపలికి గాని బయటికి గాని ఉంటే, లేక కుటుంబములో చిన్న వయస్సులో హఠాత్తుగా చనిపోయినవారుంటే, గుండె స్కానింగు తప్పక చేయించండి. మార్ఫాన్ అనే వ్యాధిలో గుండెనుండి బయలుదేరే పెద్ద రక్తనాళము బలహీనపడుతుంది. ఏడడుగుల ఒక అంగుళము పొడుగున్న ఐజయా ఆస్టిన్ అనే కళాశాల సెంటర్‌కు 2014 జూన్‌లో, పెద్ద జట్ల ఎంపికకు కొద్ది రోజుల ముందు, వైద్య పరీక్షలలో ఈ సంగతి బయటపడింది. ఆయన కల ఆ రోజే చెదిరింది గాని, ప్రాణము దక్కింది. ఎంపిక సభలో లీగు అధికారి ఆయన పేరు పిలిచి వేదిక మీదికి రప్పించి గౌరవించాడు. మరి రెండేండ్లకు వైద్యుల అనుమతితో ఇతర దేశాలలో మళ్లీ ఆడగలిగాడు కూడా.

మా దగ్గరకు వచ్చిన పిల్లవాని సంగతి చెప్పి ముగిస్తాము. మరునాడే టౌనులోని ఎముకల వైద్యునికి చూపించాము. పెరుగుదల వలన కలిగిన నొప్పే, విరిగినది ఏదీ లేదు, కాని ఆరు వారాలు గెంతులు వద్దన్నారు. గుండె స్కానింగు కూడా చేయించాము, బాగుంది. ఆ ఆరు వారాలలోనే జిల్లా సెలక్షను వచ్చింది, పోయింది. వేరొక పిల్లవాడు వెళ్లాడు. ఆ రాత్రి తండ్రి మాట్లాడలేదు. తల్లి అన్నము కలిపి పెడుతుంటే కుమారుడు ఏడ్చాడట. మేము వారిని ఓదార్చబోయాము గాని, పోయినది చిన్నదని చెప్పలేకపోయాము. అది చిన్నది కాదు.

డ్రిల్లు మాస్టారు మొదట చిన్నబుచ్చుకొన్నారు. మేము నోటు పుస్తకము తీసుకొని వెళ్లి మూడు జట్ల లెక్క కలిపి చూపించినప్పుడు ఆయన చాలాసేపు ఆ కాగితము వైపే చూచారు. "ఇంత ఆడుతున్నాడని నాకు తెలియదండీ" అన్నారు. ఆ తరువాత పిల్లవానిని కుర్చీలో కూర్చోబెట్టి బంతి అందించుట నేర్పినది ఆయనే. ఇప్పుడు ఒక్క స్కూలు జట్టులోనే ఆడుతున్నాడు. వారములో రెండు రోజులు బంతి ముట్టడు. మెట్లు కుంటకుండా దిగుతున్నాడు.

తలిదండ్రులారా, కోచ్‌లారా, మావంటి సంఘ పెద్దలారా! కప్పు ఈ సంవత్సరానిది. ఆ మోకాళ్లు మాత్రము వాడు అరువదియేండ్లు నడవవలసినవి. మొన్న వారి యింటికి వెళ్లినప్పుడు ద్వారబంధము మీద బొగ్గుతో గీసిన గీతలు, వాటి ప్రక్కన తేదీలు చూచాము. చివరి రెండు గీతల మధ్య అర అంగుళము కూడా లేదు. "ఇక మెల్లగా పెంచవచ్చునా అయ్యగారూ?" అని తండ్రి అడిగారు. "వైద్యుని అడిగి మెల్లగానే పెంచండి" అన్నాము.