ముందు బెంచీ మందు కాదు

బోర్డు కనబడటం లేదంటే పిల్లాణ్ని ముందు బెంచీకి మారుస్తారు. హ్రస్వదృష్టికి అది చికిత్స కాదు.

కంటి పరీక్షకు ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూర్‌లో ఎయిమ్స్ ఉంది, జనం మేకాహారా అనే అంబేడ్కర్ ఆస్పత్రి ఉంది. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద పేద బడిపిల్లలకు కళ్లజోళ్లు ఉచితం. చవకైనదీ, నమ్మదగినదీ ఇప్పటికీ ఆ కళ్లజోడులోని మైనస్ అద్దమే. కాంటాక్ట్ లెన్సులతో నిద్రపోతే ఇన్ఫెక్షన్ ముప్పు. లేసిక్ శస్త్రచికిత్స 18 ఏళ్లు నిండి, పవర్ నిలకడగా ఉన్నవారికే. పెళ్లిచూపుల తొందర దానికి కొలమానం కాదు.

పవర్ పెరుగుదలను నెమ్మదింపజేసే అట్రోపిన్ చుక్కలు డాక్టరు చెబితేనే వేయాలి. ఆరుబయట ఆటలకు మాత్రం ఏ చీటీ అక్కర్లేదు. రోజుకు రెండు గంటలు ఆడితే సైట్ వచ్చే అవకాశమే తగ్గుతుంది.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటివెలుగు పథకంతో పరీక్షా, కళ్లజోడూ ఊళ్లోకే వచ్చాయి. బడులు తెరిచే జూన్‌లో ఛత్తీస్‌గఢ్ కూడా అలాంటి శిబిరాలు పెట్టాలి.