యూరియా చౌక, పొటాష్ ప్రియం: తప్పు రైతుదా?

రైతులు యూరియా అతిగా చల్లి భూమిని పాడు చేస్తున్నారని ప్రతి సీజన్‌లోనూ అధికారులు చెబుతుంటారు. యూరియా మితిమీరితే నష్టమేనన్నది నిజం. కానీ రైతు అందుకోగలిగింది యూరియా బస్తా ఒక్కటే అయ్యేలా ధరలు పెట్టిందెవరో వాళ్లు చెప్పరు.

లెక్క చూద్దాం. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. అందులో నత్రజని 46 శాతం, అంటే కిలో నత్రజని సుమారు 13 రూపాయలు. 50 కిలోల పొటాష్ బస్తా 1,500 రూపాయలు దాటింది. అందులో ఉండే పొటాష్ 30 కిలోలు, అంటే కిలో 50 రూపాయల పైమాటే. 2010కి ముందు ఇలా లేదు. అప్పుడు టన్ను యూరియా 4,830 రూపాయలు, టన్ను పొటాష్ 4,455 రూపాయలు. పొటాషే చౌక! 2010 ఏప్రిల్ నుంచి పోషకాల ఆధారిత సబ్సిడీ పేరుతో కేంద్రం పొటాష్, భాస్వరం ఎరువుల ధరలను కంపెనీలకు వదిలేసి, యూరియా ధరను మాత్రం తన చేతిలో ఉంచుకుంది. పొటాష్ దాదాపు అంతా దిగుమతే కాబట్టి బయట ధర పెరిగినప్పుడల్లా మన మీదే భారం.

దీని ఫలితం పొలంలో కనిపిస్తోంది. పొటాష్ లేకుండా యూరియా వేస్తే వరి నల్లగా ఏపుగా పెరుగుతుంది, కానీ కాండానికి బలం ఉండదు. దోమ, పాముపొడ పట్టుకుంటాయి. గాలివానకు చేను పడిపోతుంది, తాలు పెరుగుతుంది. తీసుకున్న నత్రజని గింజగా మారాలంటే పొటాష్ కావాలి. అది చాలకపోతే యూరియా మీద పెట్టిన డబ్బు కూడా వృథాయే. పంజాబ్ గోధుమకైనా మన వరికైనా ఇదే సూత్రం.

ఇంకో రెండు సంగతులు గమనించాలి. కాంప్లెక్స్ వేశాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. 28-28-0లో, 20-20-0-13లో పొటాష్ లేదు. డీఏపీలోనూ లేదు. బస్తా మీద మూడో అంకె చూడండి. రెండోది గడ్డి. వరి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో కాదు, గడ్డిలో ఉంటుంది. టన్ను గడ్డి పొలం దాటితే సుమారు 15 నుంచి 20 కిలోల పొటాష్ పోయినట్టే. గడ్డి అమ్ముకున్నా, పశువులకు వేసినా పెంట రూపంలోనైనా తిరిగి భూమికి చేర్చాలి.

అలాగని అందరూ ఒకే మోతాదు వేయనక్కర్లేదు. నల్లరేగడిలో పొటాష్ సాధారణంగా బాగానే ఉంటుంది. ఇసుక, చల్కా నేలల్లో తక్కువ. ఆ తేలిక నేలల్లో సగం దుక్కిలో, సగం చిరుపొట్ట దశలో వేయాలి. ఏ నేలకు ఎంతో భూసార పరీక్షే చెప్పాలి. ఆ ఫలితం నాట్లు అయ్యాక వస్తే ఏం లాభం? ఏడాది కౌలుకు చేసేవాళ్లకు అసలు కార్డే అందకపోతే ఎలా?

2025 వానాకాలంలో యూరియా కోసం రైతులు తెల్లవారుజాము నుంచే బారులు తీరాల్సి వచ్చింది. ఈ వేలంవెర్రికి మూలం ధరల్లోనే ఉంది. యూరియా ధర పెంచి సమతుల్యం తెస్తామంటే ఒప్పుకోం. పొటాష్ ధర తగ్గించి తేవాలి. సబ్సిడీ పెంచి గరిష్ఠ ధర నిర్ణయించాలి. విత్తనానికి ముందే కౌలు రైతులతో సహా అందరికీ భూసార ఫలితాలు ఇవ్వాలి. యూరియా కావాలంటే వేరే సరుకు కొనాలనే లింకు అమ్మకాలను ఆపించాలి. ఇవి చేశాక కూడా రైతు మాట వినకపోతే, అప్పుడు నిందించండి.