టాపు కోస్తావా, బిడ్డా?

మా బాపు కారుకి టాపు కోయిస్తానని మా తమ్ముడి కొడుకు బయలుదేరాడు. బాపు అంటే బొమ్మల బాపుగారు కాదండోయ్! మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నాన్నని బాపు అనే పిలుస్తాం. కారు అంబాసిడర్ మార్క్ టూ, 1968లో కొన్నది. బాపు పోయాక మా ఇంటి వెనక రేకుల కింద కోళ్లకు కాపురమిస్తూ పడి ఉంది. దాన్ని బాగు చేయిస్తానంటే సంతోషించాను. వాడి దృష్టిలో బాగుచేయడమంటే ఏమిటో తర్వాత తెలిసింది.

"టాపు నాలుగంగుళాలు కిందికి దించాలె పెద్దబాపూ. అద్దాలు సన్నగుండాలె. కారు కండ్లు చికిలించి చూసినట్టు కొట్టాలె" అంటూ సెల్‌ఫోన్‌లో బొమ్మ చూపించాడు.

చూడగానే గుర్తుపట్టాను. 1973లో జార్జ్ లూకాస్ తీసిన 'అమెరికన్ గ్రాఫిటీ' చిత్రంలో రౌడీ కుర్రాళ్ల ముఠా తిరిగే 1951 మెర్క్యురీ! అదే చిత్రంలో పసుపుపచ్చ 1932 ఫోర్డ్ కూపే ఇంకొకటుంది. దాని టాపు కూడా కోసి దించిందే. 'స్టార్ వార్స్' తీయకముందు లూకాస్ సృష్టించిన వినోదం అది. హారిసన్ ఫోర్డ్ అప్పటికి చిన్న వేషగాడు, నల్ల షెవర్లే తోలుతాడు. ఆ చిత్రంలో నటీనటులకంటే కార్లే బాగా నటించాయని నా అభిప్రాయం. ఎవరైనా కోప్పడితే కోప్పడనీండి.

ఈ టాపు కోత కాలిఫోర్నియా కుర్రకారు విద్య. అక్కడ జార్జ్ బారిస్, శామ్ బారిస్ అని ఇద్దరు అన్నదమ్ములు షెడ్డు పెట్టారు. 1966లో టీవీలో వచ్చిన బ్యాట్‌మాన్ కారు ఈ జార్జ్ బారిస్ తయారుచేసిందే. 1952లో బాబ్ హిరోహాటా అనే జపాన్ సంతతి యువకుడు తన 1951 మెర్క్యురీని వీళ్ల చేతిలో పెట్టాడు. ముందు వైపు నాలుగంగుళాలు, వెనక వైపు ఏడంగుళాలు కోసి టాపు వాల్చారు. మధ్య స్తంభాలు ఎత్తేశారు. లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ రంగులేశారు. 1955లో 'రన్నింగ్ వైల్డ్' అనే చిత్రంలో ఆ కారు వేషం కూడా వేసింది. 2022 జనవరిలో వేలంలో 21 లక్షల డాలర్లకు పైగా పలికింది. మన లెక్కలో పదహారు కోట్లు! మావాడు ఈ ఒక్క ముక్క చదివే ఎగురుతున్నాడని నా అనుమానం.

సరే, చూద్దాం పదమని ఊళ్లో ఒక పాత మేస్త్రి దగ్గరికి తీసుకుపోయాను. డెబ్బై దాటిన మనిషి. రేకు పని చేసీ చేసీ వేళ్లు పారలయ్యాయి. మావాడి బొమ్మ చూసి నవ్వి, షెడ్డులో మూల ఉన్న వెదురు గంప తెచ్చి బోర్లించాడు.

"కోసుడు గంట పని పటేలా. కూసోబెట్టుడే కష్టం. గీ గంపకు నడుమ నాలుగు వేళ్ల పట్టీ కోసి తీసినమనుకో. మీది ముక్క కింద ముక్క మీద కూసుంటదా? లోపటికి జారిపోతది. ఎందుకు? గంప మీదికి పోయినకొద్ది ఇరుకైతది. కారు గట్లనే ఉంటది."

నేను సినిమాలు చూస్తూ ఇన్నేళ్లు గడిపానుగానీ ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదు. అద్దాల పక్కన స్తంభాలన్నీ లోపలికి వాలి ఉంటాయి. మధ్యలో ముక్క తీసేస్తే పై కొస, కింది కొస కలవవు. అందుకని టాపునే నాలుగు ముక్కలు చేసి, నిలువునా అడ్డంగా పట్టీలు అతికి పెంచాలి, లేదా స్తంభాలని వాల్చి కలపాలి. అతుకు పెట్టేటప్పుడు వేడికి రేకు ముడతపడుతుంది. దాన్ని సుత్తితో కొట్టి కొట్టి సాపు చెయ్యాలి. సాపు చెయ్యడం రానివాడు లప్పం మెత్తి రంగేస్తాడు. రెండు వానాకాలాలకు లప్పం పెచ్చులూడుతుంది.

తర్వాత అద్దాలు. వేడి చేసి గట్టిపరిచిన అద్దాన్ని కోయబోతే మొత్తం పలుకులు పలుకులుగా రాలిపోతుంది. కొత్త కొలతకు కొత్త అద్దం చేయించాల్సిందే.

అన్నిటికంటే పెద్ద చిక్కు మన అంబాసిడర్ పుట్టుకలోనే ఉందట. ఆ మెర్క్యురీకి కింద విడిగా ఉక్కు చట్రముంది. పైన టాపు ఏమైనా బరువు చట్రం మోస్తుంది. అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ బిడ్డ. దానికి చట్రం వేరు, ఒళ్లు వేరు కాదు. నేల, స్తంభాలు, టాపు కలిసే బరువు మోస్తాయి.

"బరాత్‌ల పిల్లగాన్ని నిలబెట్టాలని ఒకాయన అంబాసిడర్ టాపు మొత్తం తీయించిండు. తీసింది నేనే. జనమెక్కినంక తలుపు తెరిస్తే మల్ల పడలె. నడుమొంగింది. గా పెండ్లి సంగతేమో గని కారు బతుకు గంతే" అన్నాడు మేస్త్రి. నలభయ్యేళ్లనాటి తప్పు చెబుతుంటే ఆయన ముఖంలో నవ్వు పోయింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. టాపు దించాలన్న ఆలోచన మన నేలమీద పుట్టింది కాదు. మనవాళ్లకి టాపంటే ఎక్కేది! ఉట్నూరు దారిలో జీపుల టాపు మీద కూర్చుని సంతకెళ్లే జనాన్ని చూసిన కళ్లు నావి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రోల్స్ రాయిస్ చేయించుకుంటే, వెనక సింహాసనం లాంటి సీటు పెట్టించి దానిమీద కప్పు ఎత్తు చేయించాడు. 1982లో ఎన్.టి.రామారావుగారు పాత షెవర్లే వ్యానుని చైతన్యరథం చేయించి, హరికృష్ణ తోలుతుంటే దాని టాపెక్కి మాట్లాడారు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. టాపు నాలుగంగుళాలు దించుకుని ఎవరు గెలిచారు చెప్పండి!

మావాడికి ఇవేవీ ఎక్కలేదు. చట్టం చెప్పాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. పైగా 2021 జులైలో కొత్త నిబంధనలొచ్చాయి. యాభై ఏళ్లు దాటిన బండిని 'వింటేజ్'గా రిజిస్టరు చేయించి, 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు తీసుకోవచ్చు. అసలు రూపు చెడకుండా ఉండాలి. చట్రం, ఒళ్లు, ఇంజను ముట్టకూడదు. మా బాపు కారుకి ఆ అర్హత ఉంది. రంపం పడిన మరుక్షణం పోతుంది.

"కోర్టులు, నంబర్లు నాకెందుకు పెద్దబాపూ" అని గొణిగాడు.

అప్పుడు మేస్త్రి స్టూలేసుకుని, టాపు మీద దుమ్ము గుడ్డతో తుడిచి, మావాడి చెయ్యి పట్టి రేకు మీద పెట్టాడు. "గీ సొట్టలేంది? గీ నాలుగు బొక్కలేంది?"

వాటి కథ నాకు తెలుసు. మా బాపు టూరింగ్ టాకీసు నడిపేవాడు. ఆ నాలుగు బొక్కలు మైకు హారన్ బిగించిన చోట. కొత్త బొమ్మ పడిందంటే రెండు వైపులా పోస్టర్ బోర్డులు కట్టి, మైకులో అరుస్తూ ధర్మపురి దాకా ఊరూరా తిరిగేవాళ్లం. వెనక సీట్లో నేను, కిటికీలోంచి కరపత్రాలు చల్లడం నా ఉద్యోగం. సొట్టలు రీళ్ల పెట్టెలవి. ఒకటే ప్రింటు రెండు ఊళ్లలో ఆడాలి. ఇక్కడ ఇంటర్వెల్ దాకా పడిన రీళ్లు ఇనప పెట్టెల్లో టాపుకెక్కించి అక్కడికి పరుగు. ఒక రాత్రి వానలో వాగు పొంగి కారాగిపోతే, బాపు ఆ పెట్టెల మీద టార్పాలిన్ కప్పి, దానిమీద తాను పడుకున్నాడు. రీలు తడవలేదు. ఆయనకి నెల్లాళ్లు జ్వరం.

ఇవన్నీ షెడ్డులో నిలబడి చెప్పాను. మావాడు చెయ్యి తియ్యలేదు. ఒక్కొక్క సొట్టా తడుముతూ చాలాసేపు ఊరుకున్నాడు.

"సొట్టలు తీయమంటవా?" అన్నాడు మేస్త్రి.

"వద్దు. ఇంజను చూడున్రి" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "గా మైకు హారన్ యాడుంది పెద్దబాపూ? మల్ల బిగిద్దాం" అన్నాడు.

అటక మీద ఉండాలి, వెతుకుతాలే అన్నాను. బాపు మంచాన ఉన్న రోజుల్లో, అడ్డంగా ఉందని పాత ఇనుము వాడికి తూకానికి వేసింది నేనే. మావాడికి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.